నీటికాసులను తొలిదశలో పట్టుకోవడానికి ఏ ఫీల్డ్ పరీక్ష ఎవరికి తగును?

కంటి ఒత్తిడి ఉండవలసిన దానికంటే ఎక్కువగా ఉందనో, చూపు నరం మధ్యలోని గుంట పెద్దదిగా కనిపిస్తోందనో చెప్పి డాక్టరు గారు చీటీ మీద ‘గ్లాకోమా అనుమానం’, అంటే చూపు నరాన్ని దెబ్బతీసే నీటికాసులు ఉండవచ్చని, రాసిన రోజు నుంచి ఇంట్లో ఒకటే చర్చ మొదలవుతుంది: ఏ పరీక్ష చేయించాలి, ఎక్కడ చేయించాలి, దాన్ని ఎంతవరకు నమ్మాలి. విజయవాడ సూర్యారావుపేట, గవర్నర్‌పేట వీధుల్లోనూ, గుంటూరు కొత్తపేట, అరండల్‌పేటల్లోనూ కంటి క్లినిక్కులకు కొదవ లేదు. తాడిగడపలో ఎల్.వి.ప్రసాద్ నేత్ర సంస్థ ప్రాంగణం ఉంది, పెదకాకానిలో శంకర కంటి ఆసుపత్రి ఉంది. చోటు దొరకడం అంత కష్టమేమీ కాదు. కష్టమల్లా ఓసీటీ, 24-2, 10-2, ఎఫ్‌డీటీ, నీలం-పసుపు అంటూ వినిపించే పేర్లలో ఏది దేనికి పనికొస్తుందో తేల్చుకోవడమే.

ఎదురుగా చూస్తూనే చుట్టుపక్కల ఎంతవరకు కనిపిస్తోందో కొలిచేదాన్ని ఫీల్డ్ పరీక్ష అంటారు. ఫీల్డ్ గదిలో రోగులను కూర్చోబెట్టి ఈ పరీక్షలు చేసే ఆప్టోమెట్రిస్టుగా నా అభిప్రాయం ముందే చెబుతాను. తెల్లటి గిన్నె మీద తెల్లటి వెలుగు చుక్కలు చూపించి చేసే 24-2 ఫీల్డ్ పరీక్షే ఈనాటికీ పునాది. చూపు నరపు పొరల మందాన్ని నేరుగా కొలిచే ఓసీటీ స్కాన్ దానికి తోడుగా ఉండాలి. మధ్యచూపు మీద అనుమానం ఉన్నవారికి 10-2 కూడా కలపాలి. ఎఫ్‌డీటీ శిబిరాలకు, తొలి వడపోతకు మంచిది. నీలం-పసుపు పరీక్ష కోసం ఊళ్లు తిరగనక్కర్లేదు. వీటిలో దేన్ని ఎంచుకున్నా ఒక్క కాగితం చూసి జబ్బు ఉందనీ లేదనీ తేల్చకూడదు.

చూపు బాగానే ఉంటే పరీక్ష దేనికి?

గోడ మీది అక్షరాల పలకను చివరి వరుస దాకా చదివినవారికి కూడా నీటికాసులు ఉండవచ్చు. ఈ జబ్బు సాధారణంగా చుట్టూ ఉన్న చూపును ముందు తింటుంది, ఒక కంటిలో పోయిన భాగాన్ని రెండో కన్ను పూరిస్తూ ఉంటుంది, అందువల్ల మనిషికి తెలియదు. ఎల్.వి.ప్రసాద్ నేత్ర సంస్థ 1996 నుంచి 2000 వరకు హైదరాబాదులోనూ, పశ్చిమ గోదావరి, ఆదిలాబాద్, మహబూబ్‌నగర్ జిల్లాల్లోనూ పదివేల మందికి పైగా పరిశీలించిన సర్వేలో, నీటికాసులు ఉన్నట్టు బయటపడినవారిలో నూటికి తొంభై మందికి పైగా అంతకుముందు ఆ సంగతే ఎరగరు. కంటి ఒత్తిడి మామూలుగా ఉన్నవారూ వారిలో ఎందరో ఉన్నారు. కాబట్టి ‘ప్రెషర్ నార్మల్’ అన్న మాట విని ఇంటికి వెళ్లిపోవడానికి వీల్లేదు.

ఇక్కడ ఫీల్డ్ పరీక్షకు ఉన్న పరిమితిని కూడా చెప్పాలి. చూపు నరంలో పది లక్షలకు పైగా పోగులు ఉంటాయి. చనిపోయినవారి కళ్లను వారు బతికుండగా చేయించుకున్న ఫీల్డులతో పోల్చి చూసి 2000లో ప్రచురించిన పరిశోధన ప్రకారం, యంత్రం నిలకడగా లోపం చూపించే నాటికి నరపు కణాల్లో సుమారు 25 నుంచి 35 శాతం పోయి ఉంటాయి. అలాగైతే నరాన్ని నేరుగా కొలిచే ఓసీటీ ఒక్కటే చాలదా అని చాలామంది అడుగుతారు. చాలదు. కంటి ఒత్తిడి ఎక్కువగా ఉన్న 1,636 మందిని ఏళ్ల తరబడి గమనించి 2002లో ఫలితాలు వెలువరించిన అమెరికా అధ్యయనంలో, జబ్బు మొదలైనట్టు తొలి సాక్ష్యం సగానికి పైగా మందిలో నరం ఫోటోలో కనిపించింది, సుమారు మూడో వంతు మందిలో మాత్రం ముందు ఫీల్డులోనే కనిపించింది. ఒకదానికి దొరకనివారు రెండోదానికి దొరుకుతారు. అందుకే ఈ రెంటిలో ఒకటే చేయించుకోవడాన్ని నేను సమర్థించను.

అదే అధ్యయనంలో మందు వేయనివారిలో అయిదేళ్లలో 9.5 శాతం మందికి, మందు వేసినవారిలో 4.4 శాతం మందికి నీటికాసులు వచ్చాయి. తొందరగా గుర్తించి మందు వేస్తే ప్రమాదం సగానికి పైగా తగ్గిందన్నమాట. ఒత్తిడి ఎక్కువగా ఉన్నా మందు లేకుండానే నూటికి తొంభై మందికి ఆ అయిదేళ్లలో జబ్బు రాలేదన్నదీ అంతే నిజం కనుక, ‘అనుమానం’ అన్న మాట చూసి నిద్ర పోగొట్టుకోవలసిన పని లేదు.

24-2: అన్నిటికీ ఆధారం

తెల్లటి అర్ధగోళంలాంటి గిన్నె ముందు గడ్డం ఆనించి, ఒక కన్ను మూసి, ఎదురుగా ఉన్న దీపం వైపే చూస్తూ, పక్కన ఎక్కడ వెలుగు చుక్క కనిపించినా చేతిలోని బటన్ నొక్కాలి. యంత్రం 54 చోట్ల, ఒక్కొక్కటి ఆరు డిగ్రీల ఎడంతో, ఆ చోట కన్ను గుర్తించగలిగే అతి మసక వెలుగు ఏదో కొలుస్తుంది. దాన్ని డెసిబెల్లలో రాస్తుంది. అంకె పెద్దదైతే మరింత మసక వెలుగును కూడా ఆ చోటు పట్టుకుందని అర్థం, సున్నా వస్తే యంత్రం చూపగల అత్యంత కాంతివంతమైన చుక్కకే అది అంతంతమాత్రంగా స్పందించిందని అర్థం. నీటికాసుల లోపం ఈ అంకెల్లో ఇష్టం వచ్చినట్టు పడదు. నరపు పోగులు నడిచే దారినే పడుతుంది, ముక్కు వైపు మెట్టులాగానో, మధ్యను చుట్టి వంగిన విల్లులాగానో ఉంటుంది, పై సగంలో ఉన్న మచ్చ అడ్డగీత దాటి కింది సగంలోకి మామూలుగా దిగదు.

పూర్వం 76 చోట్ల కొలిచే 30-2 ఎక్కువగా చేసేవారు. దాని వెలుపలి వలయంలో కనురెప్ప నీడ, కళ్లద్దం అంచు తరచుగా అడ్డుపడతాయి, సమయం కూడా పెరుగుతుంది. తొలిదశ నీటికాసులకు 24-2 సరిపోతుంది.

ఫీల్డ్ పరీక్ష చేసే హంఫ్రీ అనే యంత్రంలో 24-2ను మూడు వేగాల్లో చేయవచ్చు. 2019లో ప్రచురితమైన పోలికలో సీటా స్టాండర్డ్‌కు ఒక్కో కంటికి సగటున ఆరు నిమిషాలు, సీటా ఫాస్ట్‌కు నాలుగు, సీటా ఫాస్టర్‌కు మూడు నిమిషాలు పట్టింది. యాభై లోపు వయసువారు ఓపికగా కూర్చోగలిగితే స్టాండర్డ్ చేయించుకోవచ్చు. డెబ్భై దాటినవారికి, మెడ నొప్పి ఉన్నవారికి, కంగారుపడేవారికి నేను చిన్న పరీక్షనే ఎంచుకుంటాను, ఎందుకంటే అలసిపోయిన కన్ను చివరి రెండు నిమిషాల్లో ఇచ్చే జవాబులు జబ్బులాగే కనిపిస్తాయి. మొదటి ఏడాది స్టాండర్డ్, రెండో ఏడాది ఫాస్టర్ అని మారుస్తూ పోతే మాత్రం చిక్కు వస్తుంది: చిన్న పరీక్షలు సున్నితత్వాన్ని ఒకింత ఎక్కువగా చూపుతాయి, దానివల్ల నిజంగా తగ్గిన చూపు తగ్గనట్టు కనిపించే ప్రమాదం ఉంది. మొదట దేన్ని ఎంచుకున్నారో దానితోనే కొనసాగమని అడగండి.

10-2ను ఎప్పుడు కలపాలి?

24-2లో ఉన్న పెద్ద లోటు మధ్యభాగంలోనే ఉంది. కంటి నడిమి పది డిగ్రీల్లో అది చూసేవి పన్నెండు చుక్కలే, కాగా నరపు కణాల్లో మూడో వంతుకు దగ్గరగా ఆ ప్రాంతంలోనే కిక్కిరిసి ఉంటాయి. చదవడానికి, సూదిలో దారం ఎక్కించడానికి, ఎదుటి మనిషి ముఖం గుర్తుపట్టడానికి వాడే చూపు అది. 10-2 పరీక్ష అదే చోటులో 68 చుక్కలను రెండేసి డిగ్రీల ఎడంతో పరిశీలిస్తుంది. 24-2లో ఏమీ కనిపించని కొన్ని కళ్లలో 10-2లో మచ్చ స్పష్టంగా దొరకడం పరిశోధకులు పదే పదే చూపించారు.

అందరికీ రెండూ చేయమని నేను అనను, అలసట పెరిగితే రెండూ చెడిపోతాయి. 24-2లో నడిమి బిందువుకు ఆనుకుని ఒక్క చుక్క నల్లగా వచ్చినా, నరం అంచున రక్తపు చార కనిపించిందని డాక్టరు చెప్పినా, ఒత్తిడి మామూలుగా ఉండి నరం మాత్రం చెడుతున్నా, ఓసీటీలో మాక్యులా (కంటి తెర నడిమి భాగం) పొర పలచబడినా, లేదా చదువుతుంటే అక్షరాలు జారిపోతున్నాయని రోగే చెబుతున్నా, 10-2ను వాయిదా వేయకూడదు. అదే రోజు చేయడం కుదరకపోతే వారం తర్వాత విడిగా చేయించుకోవడం మేలు. కొత్త హంఫ్రీ యంత్రాల్లో 24-2కు మధ్యలో పది చుక్కలు చేర్చిన 24-2సీ కూడా ఉంది. అది మంచి రాజీమార్గమే గానీ, మధ్యలో మచ్చ ఉందని తేలిన తర్వాత దాన్ని గమనిస్తూ పోవడానికి 10-2కు సాటి రాదు.

ఎఫ్‌డీటీ, నీలం-పసుపు, మిగతావి

ఎఫ్‌డీటీలో వెలుగు చుక్కకు బదులు నలుపు-తెలుపు చారలు వేగంగా మినుకుమినుకుమంటూ కనిపిస్తాయి. సెకనుకు 25 సార్లు తారుమారయ్యే ఆ చారలు ఉన్నవాటికంటే రెట్టింపు ఉన్నట్టు కంటికి తోస్తాయి. మొదట వచ్చిన నమూనాలో 17 చోట్లే చూస్తారు. వడపోతగా చేస్తే ఆరోగ్యంగా ఉన్న కంటికి ఒక నిమిషం చాలు, సొంత కళ్లద్దాలు పెట్టుకునే చేయవచ్చు, యంత్రం చిన్నది కనుక ఊళ్లకు తీసుకువెళ్లవచ్చు. ఏటా మార్చిలో ప్రపంచ గ్లాకోమా వారం సందర్భంగా పెట్టే శిబిరాలకు ఇంతకంటే అనువైన పరీక్ష నాకు కనిపించదు. అయితే దాని గడులు పెద్దవి, చిన్న మచ్చలు వాటి సందున దాగిపోతాయి, శుక్లం ఉన్న కంట్లో లేని లోపం కూడా చూపుతుంది. శిబిరంలో లోపం కనిపించినవారు 24-2 చేయించుకోవాలి. శిబిరంలో బాగా వచ్చినా ఇంట్లో తండ్రికో అక్కకో నీటికాసులు ఉంటే అప్పుడూ చేయించుకోవాలి. చిన్న గడులతో 24-2 నమూనాలో చేసే మ్యాట్రిక్స్ యంత్రం ఇంతకంటే మెరుగైనదే. అది ఉన్న చోట రెండో సాక్ష్యంగా వాడుకోవచ్చు.

పసుపు వెలుగు మీద నీలం చుక్క చూపించే స్వాప్ పరీక్ష మీద ఒకప్పుడు గొప్ప ఆశలు ఉండేవి, మామూలు ఫీల్డు కంటే ఏళ్ల ముందే జబ్బును పడుతుందని అనేవారు. ఒత్తిడి ఎక్కువగా ఉన్నవారిని ఏళ్ల తరబడి రెండు పద్ధతుల్లోనూ పరీక్షించి చూసినప్పుడు ఆ ఆశ నిలవలేదు, తెలుపు మీద తెలుపు పరీక్షే చాలామందిలో దానితో సమానంగానో ముందుగానో పట్టింది. పైగా వయసుతో పసుపెక్కే కంటి కటకం నీలం వెలుగును మింగేస్తుంది, పరీక్ష ఎక్కువసేపు పడుతుంది, ఒకసారికీ మరోసారికీ అంకెలు బాగా మారతాయి. అరవై దాటినవారిలో శుక్లం ఇంత సాధారణమైన మన ప్రాంతంలో దీని కోసం డబ్బు పెట్టమని నేను చెప్పను.

వేళ్లు ఊపి చూసే చేతి పరీక్ష, గళ్ల కాగితం పరీక్ష తొలిదశ నీటికాసులకు పనికిరావు. తలకు తొడిగే కొత్త పరికరాలు, టాబ్లెట్ మీద చేసే ఫీల్డులు గడ్డం ఆనించి కూర్చోలేనివారికి, వెన్ను వంగినవారికి, చక్రాల కుర్చీలో ఉన్నవారికి నిజమైన మేలు. వాటి అంకెలను హంఫ్రీ అంకెలతో కలిపి చదవకుండా ఉంటే చాలు.

హంఫ్రీనా, ఆక్టోపస్సా?

రెండూ మంచి యంత్రాలే, తొలిదశ జబ్బును రెండూ పట్టగలవు. మీ డాక్టరు దగ్గర ఏది ఉంటే అదే మీకు మంచిది. ఫలితాల కాగితం చూసుకునేటప్పుడు మాత్రం ఒక జాగ్రత్త అవసరం. మొత్తం చూపు సగటున మామూలు కంటే ఎంత తేడాగా ఉందో చెప్పే అంకెను ఎండీ అంటారు. హంఫ్రీలో ఎండీ అంకె ముందు మైనస్ ఉంటే చూపు తగ్గిందని అర్థం, ఆక్టోపస్‌లో అదే నష్టం ప్లస్ అంకెగా వస్తుంది. విజయవాడలో హంఫ్రీ మీద −3 వచ్చిన మనిషి, పిల్లల దగ్గరకు హైదరాబాదు వెళ్లి ఆక్టోపస్ మీద +3 చూసుకుని జబ్బు నయమైందని మందు ఆపేయడానికి అవకాశం ఉంది. చుక్కల ఎడమూ కొలతలూ వేరు కనుక ఒక యంత్రపు కాగితాన్ని మరో యంత్రపు కాగితం పక్కన పెట్టి హెచ్చుతగ్గులు లెక్కించకూడదు.

కాగితంలో ముందు చూడవలసినవి

చాలామంది బూడిదరంగు బొమ్మనే చూస్తారు. నేను పై ఎడమ మూలతో మొదలుపెడతాను. అక్కడ చూపు నిలకడ తప్పిన లెక్క, వెలుగు లేకుండానే బటన్ నొక్కిన శాతం, కనిపించవలసిన చోట నొక్కని శాతం ఉంటాయి. వెలుగు లేకుండా నొక్కినవి 15 శాతం దాటితే ఆ పరీక్షను నమ్మడం కష్టం. ‘ఎక్కువ చుక్కలు పడితే ఎక్కువ మార్కులు’ అనుకుని ప్రతి చప్పుడుకూ బటన్ నొక్కేవారి కాగితం చూస్తే బూడిదరంగు ఉండవలసిన చోట తెల్లటి ముద్దలు ఉంటాయి, 40 డెసిబెల్లు దాటిన అంకెలు కనిపిస్తాయి, ఎండీ ప్లస్‌లోకి వెళుతుంది. ఇంత బాగా చూసే కన్ను ఉండదు, అలాంటి కాగితం కింద నిజమైన మచ్చ దాగి ఉండవచ్చు. అందుకే పరీక్షకు ముందే ప్రతి ఒక్కరికీ చెబుతాను: యంత్రం కావాలనే సగం చుక్కలను కనిపించనంత మసకగా చూపిస్తుంది, కాబట్టి కనిపించనప్పుడు నొక్కకండి, కంగారుపడకండి, రెప్ప వాల్చాలనిపిస్తే నొక్కేటప్పుడు వాల్చండి, అలసిపోతే బటన్‌ను నొక్కి పట్టుకోండి, యంత్రం ఆగుతుంది.

నమ్మదగిన పరీక్షే అని తేలాక చూడవలసినవి మూడు. మొత్తం మసకను తీసేసి విడి మచ్చలనే చూపే ప్యాటర్న్ డీవియేషన్ పటంలో అంచున లేని మూడు చుక్కలు పక్కపక్కన 5 శాతం స్థాయిలో (ఆరోగ్యవంతుల్లో నూటికి అయిదుగురిలోపే కనిపించేంతగా) తగ్గి, వాటిలో ఒకటైనా 1 శాతం స్థాయికి దిగిందా అన్నది మొదటిది. చూపు చోటుచోటుకూ ఎంత ఎగుడుదిగుడుగా ఉందో చెప్పే పీఎస్‌డీ అంకె 5 శాతం కంటే తక్కువ సంభావ్యతతో వచ్చిందా అన్నది రెండోది. పై సగాన్ని కింది సగంతో పోల్చే జీహెచ్‌టీ మామూలు హద్దు దాటిందని రాసి ఉందా అన్నది మూడోది. వీటిలో ఏ ఒక్కటైనా వరుసగా రెండు పరీక్షల్లో ఉంటేనే లెక్కలోకి తీసుకుంటారు. ఎండీని చూసి ధైర్యం తెచ్చుకోకండి, తొలిదశలో అది −1, −2 దగ్గరే ఉండిపోవచ్చు. శుక్లం ఉన్నవారిలో మొత్తం చూపు మసకబారినందుకు ఎండీ బాగా పడిపోయి, ప్యాటర్న్ పటం మాత్రం శుభ్రంగా ఉండడమూ మామూలే.

ముందు చెప్పిన అమెరికా అధ్యయనంలో, మొదటిసారి లోపం చూపిన నమ్మదగిన ఫీల్డుల్లో 85.9 శాతం మళ్లీ చేసినప్పుడు లోపం చూపలేదు. ఈ ఒక్క అంకెను ప్రతి రోగీ గుర్తుంచుకోవాలని నా కోరిక. వాలిన పై రెప్ప పైభాగమంతా నల్లటి పట్టీ వేస్తుంది. సరిగా అమర్చని కళ్లద్దపు అంచు చుట్టూ వలయం గీస్తుంది. మొదటిసారి కూర్చున్నవారు సగం పరీక్ష అయ్యేదాకా విషయం ఆకళింపు చేసుకోలేరు. ఇవేవీ నీటికాసులు కావు.

మీ పరిస్థితిని బట్టి ఎంపిక

నలభై దాటి, అమ్మానాన్నలకో తోబుట్టువులకో నీటికాసులు ఉండి, మీకు ఏ లక్షణమూ లేకపోతే, ఒత్తిడి కొలత, నరం పరిశీలన, గోనియోస్కోపీతో పాటు ఒక 24-2, ఒక ఓసీటీ చేయించుకుని వాటిని ఆధారంగా దాచుకోండి. కంటి మూలను అద్దంతో చూసే గోనియోస్కోపీని ఏ ఫీల్డూ భర్తీ చేయలేదు, మూల మూసుకుపోయే రకం నీటికాసులు మన దేశంలో తక్కువేమీ కాదు.

దూరం కనిపించక మైనస్ ఆరు, ఎనిమిది కళ్లద్దాలు వాడేవారి ఓసీటీ కాగితం జబ్బు లేకపోయినా ఎర్రగా రావచ్చు, ఎందుకంటే యంత్రం వారి నరాన్ని మామూలు కళ్ల కొలతలతో పోలుస్తుంది. వీరికి ఫీల్డే తీర్పరి. ఆ పవరుకు తగిన అద్దం యంత్రంలో అమర్చారో లేదో తప్పక అడగండి.

శుక్లం ముదిరినవారు ఆపరేషనుకు ముందు ఒక ఫీల్డు చేయించుకున్నా, అసలు ఆధారం ఆపరేషన్ తర్వాత చేసినదే. గుంటూరు మిరప యార్డులో ఘాటుకు కళ్లు మండి, మందుల షాపులో అడిగి స్టెరాయిడ్ చుక్కలు నెలల తరబడి వాడేవారి సంగతి నాకు అన్నిటికంటే ఎక్కువ ఆందోళన కలిగిస్తుంది. ఆ చుక్కలు కంటి ఒత్తిడిని నిశ్శబ్దంగా పెంచుతాయి, మంట తగ్గుతుంది కనుక ఎవరూ ఆపరు. అలాంటివారు ముందుగా ఒత్తిడి కొలిపించుకోవాలి, సీసా వెంట తీసుకువెళ్లి డాక్టరుకు చూపించాలి, ఫీల్డు ఆ తర్వాత.

ఎన్నిసార్లు చేయించుకోవాలన్న దానికి, జబ్బు తేలినవారికి మొదటి రెండేళ్లలో ఆరు ఫీల్డులు చేయాలని 2008లో నిపుణులు సూచించారు. బస్సు ఛార్జీలు, పనిరోజులు కలిసి అది మనలో చాలామందికి సాధ్యం కాదు. కానీ మొదట్లో కొద్ది వారాల ఎడంతో రెండు చేయించుకోవడం మాత్రం ఎవరూ వదులుకోకూడదు, ఆ రెండూ ఏకీభవించకపోతే మూడోది కూడా చేయించుకోవాలి.

తెనాలి, సత్తెనపల్లి, నూజివీడు వైపు నుంచి వచ్చేవారు ఉదయం వేళే సమయం అడిగి పెట్టుకోండి. ఎండలో బస్సు దిగి నేరుగా చీకటి గదిలో కూర్చోకుండా టిఫిను చేసి, షుగరు మందు వేళకు వేసుకుని, అరగంట కూర్చుని లోపలికి వెళ్లండి. కంటిపాపను పెద్దది చేసే చుక్కలు వేయకముందే, కంటికి తగిలే ఒత్తిడి కొలతకు ముందే ఫీల్డు చేయమని కోరండి. పరీక్ష అయ్యాక బూడిద బొమ్మ ఒక్కటే కాకుండా అంకెలన్నీ ఉన్న పూర్తి కాగితం అడిగి తీసుకుని ఫోన్లో ఫోటో తీసి ఉంచుకోండి. డాక్టరును మార్చినా, ఊరు మారినా పాత కాగితాలన్నీ చూపించండి. కొత్త చోట యంత్రం వేరైతే అక్కడ మళ్లీ రెండు ఫీల్డులు చేయించుకుని, వాటినే ఇక ముందు పోలికకు వాడమని చెప్పండి.